అప్‌డేట్: గుల్మార్గ్ వెళ్లొచ్చాం, ఆ వాలు మాత్రం ఎక్కలేదు

డిసెంబరులో అడిగాను కదా, కశ్మీర్‌లోని గుల్మార్గ్ గోండోలా (కేబుల్ కార్)లో రెండో దశ దాకా వెళ్లి, అఫర్వాట్ కొండ మీద జనం తిరగని వైపు నడవొచ్చా, మంచు చరియలు (అవలాంచ్) విరిగిపడే భయం ఉందా అని. "మంచు ఆగి ఎండ కాస్తే భయం లేదు సార్" అని మా కూకట్‌పల్లి ట్రావెల్స్ ఆయన అన్నాడు. నేనూ నమ్మాను.

అక్కడి గైడ్ ఒప్పుకోలేదు. చదునైన చోట పారతో గుంట తవ్వి చూపించాడు. పైన గట్టి పలక, అడుగున అచ్చం బొంబాయి రవ్వ! పిడికిట్లో నిలవట్లేదు. సీజన్ మొదట్లో పలచగా పడిన మంచుకి కింద నేల వెచ్చగా, పైన గాలి బాగా చల్లగా ఉంటే ఇలా పలుకులుగా మారుతుందట. దాని మీద కొత్త మంచు, గాలి మోసుకొచ్చిన మంచు పేరుకుంటే ఒక్క మనిషి బరువుకే పలక మొత్తం ఊడి జారిపోవచ్చు. తిరిగి వస్తుంటే కాళ్ల కింద 'ధుబ్' మంది. పలక ఊడిపోవచ్చనడానికి అదే హెచ్చరిక అన్నాడు గైడ్. టెన్షన్‌తో నాకు చెమట పట్టింది, ఆ చలిలో!

30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువ ప్రమాదం. మేం ఎక్కుదామనుకున్న వాలు ఫోన్‌లో కొలిస్తే 36.

మంచులో కూరుకుపోయిన వాళ్లను వెతకడానికి బీకన్ (సిగ్నల్ పంపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ) అద్దెకు తెచ్చుకుందామనుకున్నాం. కానీ కూరుకుపోయిన మనిషిని పావుగంటలోపు తీయకపోతే బతకడం కష్టం. మా నలుగురిలో వాటిని వాడటం ఒక్కరికీ రాదు.

ట్రావెల్స్ ఆయన డబ్బు వెనక్కివ్వలేదు. కింద కహ్వా (కశ్మీరీ టీ) తాగి, స్లెడ్జి ఎక్కి వచ్చేశాం.