మెయిల్ సర్వర్ మారాక పాత బ్యాకప్‌నే కొనసాగించాలా, కొత్తది మొదలుపెట్టాలా?

దస్త్రం:
మా ఆఫీసులో 40 మెయిల్‌బాక్స్‌లు. డొవ్‌కాట్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సొంత సర్వర్ నుంచి అన్నిటినీ గూగుల్ వర్క్‌స్పేస్‌కు (ఆఫీసుల కోసం ఉండే జీమెయిల్‌కు) మార్చాం. ఆ రాత్రి నుంచే బ్యాకప్ ఆగిపోయింది. మొదట పాస్‌వర్డ్ చెల్లదంది. వర్క్‌స్పేస్‌లో 2025 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఐమాప్ (సర్వర్‌లోని ఉత్తరాలను వేరే సాఫ్ట్‌వేర్ చదివే పద్ధతి) పనిచేయదు కదా, ఓఆథ్ (పాస్‌వర్డ్ ఇవ్వకుండా అనుమతితో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టాక లాగిన్ కుదిరింది. ఇప్పుడేమో పాత ఉత్తరాలన్నిటినీ కొత్తవనుకుని మొదటి నుంచి దించుకుంటోంది. పెద్ద మెయిల్‌బాక్స్‌ల దగ్గర రోజూ మధ్యలోనే ఆగుతోంది. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు పాత బ్యాకప్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. ఏడేళ్ల ఉత్తరాలు, నాకు చేతులు రావడం లేదు.

గోదారిగట్టు:
చెరపకండి, కొత్తదీ మొదలుపెట్టకండి. ఉత్తరం పుట్టినప్పుడు పడే మెసేజ్ ఐడీ సర్వర్ మారినా మారదు. దాన్ని బట్టి పోల్చమని చెప్పగలిగితే పాత బ్యాకప్ అలాగే సాగిపోతుంది. ఆడిట్ వారు 2019 నాటి బిల్లు అడిగినప్పుడు రెండు చోట్ల వెతికే అవస్థ దేనికి?

పాతసర్వర్:
గోదారిగట్టు గారితో నేను ఏకీభవించను. మీ బ్యాకప్ మెసేజ్ ఐడీని కాదు, యూఐడీని చూస్తోంది. అది ఆ సర్వర్‌లోని ఆ ఫోల్డర్‌కే పరిమితమైన వరుస సంఖ్య. వీధిలో ఇళ్లన్నిటికీ కొత్త డోర్ నంబర్లు వేశాక పాత చిట్టా పట్టుకుని తిరిగితే ఒక్క ఇల్లూ దొరకదు. ఆ సంఖ్యలు ఇంకా చెల్లుతాయో లేదో చెప్పే యూఐడీ వ్యాలిడిటీ అనే విలువ మారిందంటే పాత సంఖ్యలను నమ్మవద్దని ఐమాప్ నియమమే చెబుతోంది. పోనీ మెసేజ్ ఐడీతో పోలుద్దామా అంటే, అది ప్రతి ఉత్తరానికీ ఉంటుందన్న హామీ లేదు. చిత్తుప్రతులలో, పాత స్కానర్లు పంపినవాటిలో లేకపోవచ్చు.

మధ్యలో ఆగడానికి కారణం వేరు. జీమెయిల్‌లో ఐమాప్ ద్వారా ఒక ఖాతా నుంచి రోజుకు 2,500 ఎంబీ వరకే దించుకోవచ్చు. 20 జీబీ మెయిల్‌బాక్స్‌కు ఎనిమిది రోజులు పైనే పడుతుంది. పైగా అక్కడ లేబుళ్లే ఫోల్డర్లుగా కనిపిస్తాయి. మూడు లేబుళ్లున్న ఉత్తరం ఆ మూడింటిలోనూ, ‘ఆల్ మెయిల్’లోనూ కలిపి నాలుగు సార్లు దిగుతుంది. ‘ఆల్ మెయిల్’ ఒక్కదాన్నే తీసుకుంటే లేబుళ్ల అమరిక పోతుంది. అందుకే జీమెయిల్ ప్రతి ఉత్తరానికీ ఇచ్చే సొంత గుర్తింపు సంఖ్యను చదవగల సాధనం కావాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. మూలంలో లేనిదాన్ని బ్యాకప్‌లోనూ తీసేసే పద్ధతి కొన్నిటిలో ఉంటుంది. ఒకసారి నేను పనిచేసిన చోట పాత సర్వర్‌ను ఖాళీ చేశాక ఆ బ్యాకప్ జాబ్‌ను (రోజూ తనంతట తానే నడిచే పనిని) ఆపడం మరిచాం. తెల్లారేసరికి బ్యాకప్ కూడా ఖాళీ! అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే: పాతదాన్ని ఎవరూ రాయలేని డిస్కులో భద్రపరచాలి, కొత్తది విడిగా మొదలుపెట్టాలి.

గోదారిగట్టు:
భద్రపరచాలన్న మాట ఒప్పుకుంటాను, తొందరపడి కొనసాగించమన్నాను. కానీ వెతకడానికి రెండిటికీ కలిపి ఒకే సూచిక ఉండి తీరాలి. ఎక్కడుందో తెలియని ఉత్తరం ఉన్నా లేనట్టే, దీన్ని మాత్రం వదులుకోను.

దస్త్రం:
పాత జాబ్ ఆపి, డిస్కు విడిగా దాచాను. కొత్తది రోజుకు ఐదు మెయిల్‌బాక్స్‌ల చొప్పున మొదలుపెట్టాను. సూచిక పని ఈ వారం చేస్తాను. నిన్న పాతదాన్నుంచి ఒక ఖాతాను పరీక్షగా వెనక్కి తెచ్చాను. ఉత్తరాల లెక్క సరిపోయింది, కానీ ‘బిల్లులు’ అన్న ఫోల్డర్ పేరు మాత్రం అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా వచ్చింది.

పాతసర్వర్:
ఐమాప్‌లో తెలుగు పేర్లు ‘సవరించిన యూటీఎఫ్-7’ అనే, ఇంగ్లీషు అక్షరాలతో రాసే సంకేత రూపంలో ఉంటాయి. మీ సాధనం దాన్ని విప్పకుండా అలాగే రాసింది. లోపలి ఉత్తరాలకు నష్టం లేదు, పేరు మార్చుకుంటే చాలు. అయితే మిగతా 39 ఖాతాల్లోనూ తెలుగు ఫోల్డర్లు ఎన్ని ఉన్నాయో పాత సర్వర్ ఆపకముందే జాబితా తీసుకోండి.