చింత చెక్క గిన్నెలు బీటలు వారుతున్నాయి, ఎలా ఆరబెట్టాలి?

పుత్తూరు చెక్కగిన్నెలు:
వానలకు పడిపోయినవి, రోడ్డు వెడల్పులో తీసేసినవి, అలాంటి మాన్లు కొని నేనూ మా ఆయనా లేత్ (చెక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే మిషను) మీద అలంకారానికి గిన్నెలు చేస్తాం. తిప్పడం ఆయన పని. ఉప్పుకాగితం రుద్దడం, తేనెమైనం పట్టించడం నాది. ముసలి తోతాపురి మామిడితో ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి ఇటుక బట్టీకి పోవాల్సిన చింతమాను దొరికింది. లోపల చేవ ముదురు ఊదారంగు, ఇంత అందమైన చెక్క మేమెప్పుడూ చూడలేదు. కానీ గిన్నె పూర్తయిన కొన్నాళ్లకే అంచు దగ్గర బీట పడుతోంది. ఉంచేది నీడలోనే. మంచి మాను పాడైపోతుందని టెన్షన్‌గా ఉంది.

కాళహస్తి లేత్:
అక్కా, నీడ ఒక్కటే చాలదు. పచ్చి చెక్కను ఒకేసారి పూర్తి చేయొద్దు. ఆరేటప్పుడు చెక్క వలయాల వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి బెరడు వైపు దాదాపు అందులో సగమే కుంచించుకుంటుంది. ఆ లాగుడుకే బీట. పది అంగుళాల గిన్నె అయితే అంగుళం మందం వదిలి మొరటుగా తిప్పండి. ఆరేకొద్దీ కోలగా వంకరపోతుంది, పోనీండి. మందం ఉంది కాబట్టి మళ్లీ లేత్ ఎక్కించి గుండ్రంగా తేవచ్చు. మొద్దును ముందే నిలువునా కోసి నడిబొడ్డు తీసేయండి, అది గిన్నెలో ఉంటే పగులు ఖాయం. మొరటు గిన్నెను తిప్పినప్పుడు రాలిన చెక్కపొట్టుతోనే కాగితం సంచిలో పెట్టి, నెలకోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టే. చింత గట్టి చెక్క, ఆరు నెలలైనా పట్టొచ్చు.

తిరుపతి రైతు:
మాన్లు కొంటున్నారు కాబట్టి ఒక మాటమ్మా. ఎర్రచందనం ఎవరి పొలంలోదైనా, గాలికి విరిగిన కొమ్మైనా, అటవీశాఖ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. మనం శేషాచలం పక్కనే ఉన్నాం. మిగతా చాలా రకాల చెట్లు కొట్టించాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అమ్మినవాళ్ల దగ్గర కాగితం అడిగి పెట్టుకోండి.

పుత్తూరు చెక్కగిన్నెలు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. మొద్దు సగం ఇంకా అలాగే ఉంది, తొందరగా ఆరి బీటలు పడకుండా కోసిన చివరలకు ఈరోజే మైనం పూస్తాం. బీట పడినవాటిని పొయ్యిలో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. దారి ఉందా?

కాళహస్తి లేత్:
ఉంది. ముందు పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే బీట ఇంకా తెరుచుకుంటుంది. తర్వాత లక్క కరిగించి నింపి, చల్లారాక ఉప్పుకాగితం రుద్దండి. చింత చేవలో నల్ల లక్క బాగా కలిసిపోతుంది.