మంగళవారం చల్లనీళ్లు: ఆవిడ ఆ రోజు ఆ మాట ఎత్తడం సరైనదేనా?

గోదారి గట్టు

మాది అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. పక్కింటి పెద్దావిడకు 86 ఏళ్లు. నేను కొత్తగా వచ్చినప్పుడు మంచులో కారు ఎలా నడపాలో నేర్పింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ డ్రైవింగ్ మానేశారు, ఎక్కడికైనా నేనే తీసుకెళ్తుంటాను. పోయిన వేసవిలో ఆవిడ హైస్కూలు బ్యాచ్, 1957 వాళ్లు, చర్చి హాల్లో మధ్యాహ్నం భోజనానికి కలిశారు. వచ్చింది పదకొండు మంది. ఇద్దరు వాకర్ పట్టుకుని, ఒకాయన ఆక్సిజన్ గొట్టంతో.

రెండు గంటలు వాళ్ల కబుర్లు వింటూ కూర్చున్నాను. తెల్లారకముందే గుమ్మంలో పాలసీసాలు పెట్టి వెళ్లే మనిషి గురించి చెప్పారు. చలికాలంలో మీగడ గడ్డకట్టి, అట్టమూతను నెత్తిన పెట్టుకుని సీసా మూతిలోంచి పైకి లేచేదట. నాలుగిళ్లకు ఒకే ఫోన్ లైను, మనం మాట్లాడుతుంటే పక్కింటావిడ ఊపిరి వినిపించేదట. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు ఏరి కొట్లో ఇస్తే సీసాకు రెండు సెంట్లు. 1956 సెప్టెంబరులో పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ టీవీలో ఎడ్ సల్లివాన్ షోకి వచ్చిన ఆదివారం రాత్రి, టీవీ ఉన్న ఒక ఇంట్లో ఇరవై మంది నేలమీద సర్దుకుని కూర్చున్నారట.

తర్వాత మాట ఊరి స్విమ్మింగ్ పూల్ మీదకి మళ్లింది. "మంగళవారం నీళ్లు గుర్తున్నాయా?" అన్నారు ఒకాయన. హాలంతా నవ్వులే. మిగతా రోజుల్లో ఎండకి వెచ్చగా ఉండే నీళ్లు మంగళవారం మాత్రం ఐసులా ఉండేవట. ముందు ఎవరు దూకుతారని పందేలు, పెదాలు నీలంగా మారేదాకా ఈత.

చివరి బల్ల దగ్గర ఒక నల్లజాతి ఆవిడ కూర్చుని ఉన్నారు. ఆ బ్యాచ్‌లో నలుగురు నల్లజాతి పిల్లలు ఉండేవారట, ఇప్పుడు మిగిలింది ఆవిడొక్కరే. గొంతు పెంచకుండా చెప్పారు: "సోమవారం మా రోజు. మేం ఈదాక రాత్రికి నీళ్లన్నీ వదిలేసి, పూల్ కడిగి, కొత్త నీళ్లు పట్టేవాళ్లు. అందుకే మంగళవారం మీకు చల్లగా ఉండేది."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకాయన "ఇప్పుడు అవన్నీ ఎందుకు" అన్నారు. కేకు కోశారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. కార్లో మా పక్కింటావిడ ఏడ్చారు. "మేమంతా కలవడం ఇదే ఆఖరు కావచ్చు. ఇవాళే చెప్పాలా?" అని.

అప్పటినుంచి నా మనసులో ఇదే తిరుగుతోంది. అది నిజమే, కాదనను. కానీ ఆ రోజు, ఆ వయసు వాళ్ల ముందు చెప్పకుండా ఉండాల్సిందని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

నల్లమల

అక్కా, ఆవిడ ఇంకెప్పుడు చెప్పాలి? స్కూలు అయిపోయి 67 ఏళ్లు దాటింది. ఇంతకుముందు ఎన్నోసార్లు కలుసుకుని ఉంటారు. ఆ మంగళవారం మాట ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో, ఆవిడ ఎన్నిసార్లు పళ్లెంలోకి చూస్తూ కూర్చుని ఉంటారో ఆలోచించండి. చిన్ననాటి సంగతులు చెప్పుకుందాం రమ్మన్నారు. ఆవిడ తన చిన్ననాటి సంగతి చెప్పారు. మిగతా పదిమంది చేసింది కూడా అదే కదా.

ఎర్రమట్టి

నేను గోదారి గట్టు గారి వైపే. ఆ హాల్లో ఉన్నవాళ్లు అప్పుడు పదేళ్ల పిల్లలు. పూల్‌కి నియమాలు పెట్టింది వాళ్లు కాదు, నీళ్లు వదిలింది వాళ్లు కాదు. 86 ఏళ్ల మనిషికి ఏడాదికి ఒక పూట సంతోషం దొరికితే దాన్ని కూడా విచారణగా మార్చాలా?

ఇంకో మాట. ఆ రోజులు నిజంగానే బాగుండేవి, అది కేవలం ముసలివాళ్ల భ్రమ కాదు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 జీఐ బిల్లు కింద చదువు, ఇంటికి లోను దొరికాయి. ఓహాయో ఉక్కు, టైరు ఫ్యాక్టరీల్లో ఒక్కరి జీతంతో ఇల్లు, కారు, నలుగురు పిల్లలు. ఇప్పుడు ఇద్దరు సంపాదించినా టెన్షనే. ఆ నిశ్చింతను తలుచుకోవడం తప్పెలా అవుతుంది?

పిల్లల డాక్టరు

ఆ నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఆ తరానికి స్విమ్మింగ్ పూల్ అంటే ఉత్త ఆట కాదు. 1952లో అమెరికాలో దాదాపు 58 వేల మందికి పోలియో వచ్చింది, 3 వేల మందికి పైగా చనిపోయారు. వేసవి వచ్చిందంటే తల్లులకు భయం. చాలా ఊళ్లలో పూల్స్ మూసేసేవాళ్లు, పిల్లల్ని సినిమాలకు కూడా పంపేవాళ్లు కాదు. ఊపిరి తీసుకోలేని పిల్లల్ని మెడదాకా ఐరన్ లంగ్ అనే ఇనప పెట్టెలో పడుకోబెట్టేవాళ్లు. 1954లో జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకా పరీక్షలో 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. 1955 ఏప్రిల్ 12న మిషిగన్ విశ్వవిద్యాలయంలో టీకా పనిచేస్తుందని ప్రకటించగానే ఊళ్లలో చర్చి గంటలు మోగించారు. ఆ తర్వాతి వేసవుల్లో నీళ్లలోకి దూకిన పిల్లల ఆనందం ఎలాంటిదో ఊహించుకోండి. అందుకే ఆ నవ్వుని నేను తక్కువ చేయలేను.

అయితే ఇదీ వినండి. పోలియో వచ్చిన పిల్లలకు చికిత్స చేసే పేరున్న కేంద్రం జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్. అక్కడ వైద్యం వేడి ఊటనీళ్లలో. నల్లజాతి పిల్లల్ని ఆ నీళ్లలోకి రానివ్వలేదు. 1941లో అలబామాలోని టస్కీగీలో వాళ్లకోసం వేరే ఆసుపత్రి కట్టారు. సాల్క్ టీకా పరీక్షకు కావలసిన కణాలను పెంచి పంపింది కూడా టస్కీగీలోని నల్లజాతి శాస్త్రజ్ఞులే. ఆ కణాలు 1951లో క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి, ఆమెను అడగకుండా తీసుకున్నవి. పూల్ తలుపులు మళ్లీ తెరుచుకోవడం వెనక వాళ్ల చెయ్యి ఉంది. సోమవారం తప్ప మిగతా రోజుల్లో ఆ తలుపు వాళ్లకి మూసే ఉంది.

నా పేషెంట్లకు ఇవన్నీ చెప్పను. కానీ ఆవిడ నోరు మూసుకుని ఉండాల్సిందని మాత్రం అనలేను.

ఎర్రమట్టి

డాక్టరు గారూ, మీరు చెప్పింది జార్జియా, అలబామా. దక్షిణాది సంగతి అందరికీ తెలుసు. ఇది ఓహాయో. ఇక్కడ 1884 నుంచే బహిరంగ స్థలాల్లో రంగునుబట్టి ఆపకూడదని చట్టం ఉంది. ఒక ఊళ్లో ఒకరికి గుర్తున్న సంగతిని పట్టుకుని కాలం మొత్తాన్ని తప్పుపడదామా?

నల్లమల

చట్టం ఉన్న మాట నిజం. ఓహాయో సంగతులే చెప్తాను.

క్లీవ్‌లాండ్‌లో ఈరీ సరస్సు ఒడ్డున యూక్లిడ్ బీచ్ పార్క్ ఉండేది. 1969లో మూసేశారు. అక్కడి పెద్దవాళ్లని అడిగితే రోలర్ కోస్టర్లు, నవ్వే బొమ్మ, పాప్‌కార్న్ ఉండలు, ఒకటా రెండా, గంట సేపు చెప్తారు. అదే పార్క్‌లో నల్లజాతి వాళ్లని డాన్స్ హాల్లోకి రానివ్వనందుకు 1946లో పెద్ద గొడవలు జరిగాయి. సిన్సినాటి దగ్గరి కోనీ ఐలాండ్ పార్క్ 1955లో నల్లజాతి వాళ్లకు గేటు తెరిచింది, కానీ ఈతకొలనులోకి మాత్రం 1961 దాకా రానివ్వలేదు.

అన్నిటికన్నా నన్ను వదలనిది యంగ్స్‌టౌన్ సంగతి. 1951లో పిల్లల బేస్‌బాల్ జట్టు పోటీ గెలిచి, సంబరానికి ఊరి పూల్‌కి వెళ్లింది. జట్టులో ఒక్కడే నల్లజాతి పిల్లాడు, అల్ బ్రైట్. కంచె బయట కూర్చోబెట్టారు. పెద్దవాళ్లు బతిమాలితే చివరికి మిగతా అందరినీ నీళ్లలోంచి బయటికి పంపి, వాణ్ని ఒక రబ్బరు తెప్ప మీద ఎక్కించి, లైఫ్‌గార్డ్ పూల్ చుట్టూ ఒకసారి తోసుకుంటూ తిప్పాడు. నీళ్లు మాత్రం ముట్టుకోవద్దని చెప్తూనే ఉన్నాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక చిత్రకారుడై, అదే ఊరి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశాడు.

నీళ్లు వదిలేయడం కూడా ఆ ఒక్క ఊళ్లో జరిగింది కాదు. కాలిఫోర్నియాలోని పసడీనాలో బ్రూక్‌సైడ్ పూల్‌లో తెల్లవాళ్లు కానివాళ్లకి వారానికి ఒక రోజు. ఆ రోజు అవగానే నీళ్లు తీసేసి కడిగేవాళ్లు. ఇది కోర్టుదాకా వెళ్లింది.

ఎర్రమట్టి గారూ, మీరు చెప్పిన నిశ్చింత ఉంది, నేను లేదనట్లేదు. అది ఎవరికి అందిందన్నదే నా ప్రశ్న.

స్టిల్‌వాటర్ 63

నాకు 84 ఏళ్లు. మీలో చాలామందికి తాత వయసు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

1963లో ఎం.ఎస్. చదవడానికి ఓక్లహోమా వచ్చాను. అప్పటి చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికే స్థిరనివాసం. మేం విద్యార్థులం కనుక చదువుకి రానిచ్చారు. నా రూమ్మేట్లు ఇద్దరూ గోధుమ రైతుల బిడ్డలు. క్రిస్మస్‌కి వాళ్ల ఇంటికి తీసుకెళ్లారు. వాళ్లమ్మ నేను మాంసం తిననని తెలిసి నాకోసం విడిగా బీన్స్ వండింది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ గుర్తే.

అదే ఊళ్లో ఒక మంగలి షాపులో గంట సేపు కూర్చోబెట్టి, నా వెనక వచ్చిన అందరికీ జుట్టు కత్తిరించి, చివరికి "నీ జుట్టుకి మా దగ్గర కత్తెర లేదు" అన్నారు. గదికొచ్చి ఒక స్నేహితుడితో కత్తిరించుకున్నాను. 1964 జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965లో వలస చట్టం మారింది, నాకు గ్రీన్ కార్డు దొరికింది. ఈ రెండు చట్టాలూ ఎవరి పోరాటం వల్ల వచ్చాయో మనవాళ్లు తరచూ మర్చిపోతారు.

ఆ రూమ్మేట్లతో తర్వాత రెండుసార్లు కాలేజీ కలయికలకి వెళ్లాను. రెండోసారి వాళ్లలో ఒకడు "ఆ రోజుల్లో ఊరంతా ఒక కుటుంబంలా ఉండేది" అన్నాడు. మంగలి షాపు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. వాడు చనిపోయి తొమ్మిదేళ్లయింది. చెప్పి ఉంటే వాడు బాధపడేవాడు, నాకు తెలుసు. చెప్పకపోవడం వల్ల వాడు నన్ను సగమే తెలుసుకుని పోయాడు. దాని బరువు నామీదే ఉంది.

అమ్మా గోదారి గట్టూ, మీ పక్కింటావిడా, ఆ సోమవారం మాట చెప్పినావిడా ఆ రోజు తర్వాత మళ్లీ మాట్లాడుకున్నారా?

కొత్త గుమ్మం

నేను ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఇవాళ రాయాలనిపించింది. రెండేళ్ల క్రితం 1940ల్లో కట్టిన ఇల్లు కొన్నాం. పాత దస్తావేజుల్లో "తెల్లజాతి వారు తప్ప ఇతరులు ఈ ఇంట్లో ఉండరాదు, ఇంటి పనివారికి మినహాయింపు" అని ఉంది. 1948లో సుప్రీంకోర్టు తీర్పుతో అది అమలుకి చెల్లలేదు, 1968 గృహ చట్టంతో పూర్తిగా నిషేధమైంది. లాయరు "అది ఉత్త కాగితం" అన్నాడు. అయినా ఆ రాత్రి మా ఆయన ఆ పేజీ పట్టుకుని చాలాసేపు వంటింట్లో కూర్చున్నాడు. ఆ వీధిలోనే పెరిగిన పెద్దాయన ఒకరు మాకు కేకు తెచ్చిచ్చి, "ఈ వీధిలో మేం తలుపులకి తాళాలు వేసేవాళ్లం కాదు" అని ప్రేమగా చెప్పారు. ఆయన ప్రేమ నిజం, ఆ కాగితం కూడా నిజం. ఆయనకి ఆ కాగితం చూపించాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎర్రమట్టి

యంగ్స్‌టౌన్ పిల్లాడి గురించి చదివాక నిన్న రాత్రి మావాడి ఈత క్లాసుకి వెళ్లి గట్టు మీద కూర్చుంటే మనసు మనసులో లేదు. ఓహాయో గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ భోజనం బల్ల దగ్గర చెప్పడం గురించి నా అభిప్రాయం మారలేదు. ఒక్కొక్కరితో విడిగా చెప్పి ఉంటే మనిషికీ మనిషికీ మధ్య మాటగా ఉండేది. అందరి ముందు చెప్తే ఎవరికి వాళ్లు నిందపడ్డట్టు ముడుచుకుపోతారు. అక్కడ జరిగిందీ అదే కదా.

గోదారి గట్టు

అన్నీ చదివాను. తాతగారూ, మీ ప్రశ్నకి జవాబు చెప్పడానికే మళ్లీ వచ్చాను.

నిన్న సాయంత్రం పక్కింటావిడకి టీ తీసుకెళ్లి, ఇక్కడ జరుగుతున్న చర్చ గురించి చెప్పాను. యంగ్స్‌టౌన్ సంగతి కూడా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "సోమవారం రాత్రుళ్లు మా ఇంటి వెనక కాలవలో నీళ్ల చప్పుడు వినపడేది. వేసవంతా. మా అమ్మ కిటికీ మూసేది. పూల్ నీళ్లని మాకు తెలుసు. ఎందుకని ఎవరం అడగలేదు."

ఇది విన్నాక నా అభిప్రాయం మారింది. చివరి బల్ల దగ్గరి ఆవిడ వాళ్ల జ్ఞాపకంలోకి బయటినుంచి ఏదో తెచ్చి పడేశారని నేను అనుకున్నాను. కాదు. ఆ చల్లనీళ్లని వాళ్లే తలుచుకుని నవ్వుకుంటున్నారు, ఎందుకు చల్లగా ఉండేవో ఆవిడ జవాబు చెప్పారు, అంతే. ఆ జవాబు లేకుండా ఆ చల్లదనం లేదు.

ఎర్రమట్టి గారూ, విడిగా చెప్పి ఉండాల్సిందన్న మీ మాట కూడా మా పక్కింటావిడకి చెప్పాను. తలూపి, "నేనూ అదే అనుకున్నాను. కానీ నేనెప్పుడూ ఆమెకి విడిగా ఫోన్ చేయలేదు, మరి ఆమె ఎలా చెప్తుంది" అన్నారు.

బ్యాచ్ వాళ్ల ఫోన్ నంబర్ల కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించి ఉంది. అంకెలు సరిగ్గా కనబడవని నన్నే నొక్కమన్నారు. అవతల ఎత్తగానే ఫోన్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను వంటింట్లో కప్పులు కడిగి పెట్టి, నలభై నిమిషాలు కూర్చున్నాను. తలుపు ఇంకా తెరుచుకోలేదు, అందుకని చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.