డాక్యుమెంటరీకి కూడా 2.75 వేస్తారా?

మార్నింగ్ షో
పదేళ్లుగా రివ్యూలు రాస్తున్నాను. ఏడాదిన్నర నుంచి పెద్ద రివ్యూలు మానేసి, చూసిన ప్రతిదానికీ రెండు మూడు లైన్లే రాస్తున్నాను. నిన్న ఒక పాఠకుడు అడిగారు: "సినిమాలకి రేటింగ్ వేస్తారు, డాక్యుమెంటరీలకి ఎందుకు వెయ్యరు? వాటికేమైనా మినహాయింపా?" అడిగిన దాంట్లో న్యాయం ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఈ మధ్య రాసినవి ఇవి.

కోర్ట్ (2025): 2013 నాటి విశాఖ. 19 ఏళ్ల కుర్రాడు, 17 ఏళ్ల అమ్మాయి, మధ్యలో పోక్సో కేసు (18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం). చట్టం గురించి చుట్టూ ఉన్నవాళ్లకి తెలిసి, ఆ ఇద్దరికే తెలియకపోవడం చూస్తుంటే కడుపులో దేవినట్టవుతుంది. వాదనలు కొన్నిచోట్ల ఉపన్యాసాలైపోయాయి. అయిదుకి 3.25.

ఆల్ వి ఇమాజిన్ ఆజ్ లైట్ (2024): ముంబైలో మలయాళీ నర్సులు. జర్మనీ నుంచి వచ్చిన రైస్ కుక్కర్‌ని ప్రభ రాత్రిపూట ఒక్కతే కూర్చుని కావలించుకుంటుంది. ఆ ఒక్క షాట్ కోసమైనా చూడండి. 4.

ఆల్ దట్ బ్రీద్స్ (2022), డాక్యుమెంటరీ: ఢిల్లీలో గాలిపటాల మాంజాకి రెక్కలు తెగి పడిపోయిన గద్దలకి బేస్‌మెంట్‌లో వైద్యం చేసే అన్నదమ్ములు. తప్పక చూడండి. రేటింగ్ లేదు.

20 డేస్ ఇన్ మారియుపోల్ (2023), డాక్యుమెంటరీ: రష్యా సేనలు ముట్టడించిన ఉక్రెయిన్ ఊళ్లో ఉండిపోయిన విలేఖరులు తీసింది. చూడండి, కానీ ఒంటరిగా చూడొద్దు. రేటింగ్ లేదు.

చివరి రెండింటికీ రేటింగ్ వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. నిజం మనుషుల నిజం కష్టానికి మార్కులేంటి అనిపిస్తుంది. మీరేమంటారు?

కాకినాడ కుర్రాడు
అన్నా, నేను ఒప్పుకోను. కోర్ట్‌కి 3.25 వేసి దాని పక్కనే డాక్యుమెంటరీకి ఏమీ వెయ్యకపోతే, చదివేవాడికి ఏమనిపిస్తుందో తెలుసా? "ఇది మనం చూసేది కాదు, చదువుకున్నోళ్ల వ్యవహారం" అనిపిస్తుంది. మీరు గౌరవం ఇచ్చాననుకుంటున్నారు. మీరు దాన్ని దూరం పెట్టారని జనం అనుకుంటున్నారు.

ఆల్ దట్ బ్రీద్స్ నేనెలా చూశానో చెప్తాను. దానికి కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు వచ్చిందన్నా నేను పట్టించుకోలేదు. మా రూమ్మేట్ ఒక్క మాటన్నాడు: "డాబా మీద నిలబడ్డ కుర్రాడి కళ్ళజోడు గద్ద తన్నుకుపోద్ది, చూడరా." ఆ రాత్రే చూశాను. నాలుగు పేజీల రివ్యూ చెయ్యని పని ఒక్క లైను చేసింది.

ఎడిటింగ్ రూమ్
నేను హైదరాబాద్‌లో డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తాను. మార్నింగ్ షో గారు, రేటింగ్ మానేసి మీరు మాకు మేలు చెయ్యడం లేదు. విషయం గొప్పదైనంత మాత్రాన సినిమా గొప్పదైపోదు. రైతు ఆత్మహత్యల మీద నీరసంగా తీసినవీ ఉన్నాయి, అద్భుతంగా తీసినవీ ఉన్నాయి. రెండింటినీ "తప్పక చూడండి" అనే ఒకే గాటన కట్టేస్తే, కష్టపడి బాగా తీసినవాడికి దక్కిందేంటి?

మారియుపోల్ సంగతే తీసుకోండి. ఆ విలేఖరులు సిగ్నల్ కోసం ఊరంతా వెతుక్కుని, చివరికి ఒక కొట్టు దగ్గర మెట్ల కింద నక్కి, వీడియోని ముక్కలుగా బయటికి పంపారు. వాళ్ల ధైర్యానికి మార్కులు వెయ్యమని ఎవరూ అడగడం లేదు. కానీ మనం తెర మీద ముందు షూటింగ్ చూస్తాం, తర్వాత అదే ముక్క ప్రపంచ టీవీల్లో వార్తగా కొన్ని సెకన్లు వస్తుంది. వార్తలో ఎంత ఆవిరైపోతుందో ఆ కూర్పు వల్లే మనకి తెలుస్తుంది. అది ఎడిటింగ్. దాని గురించి మాట్లాడండి. మార్కులూ వెయ్యండి.

నా బాధ వేరే ఉంది. మూడేళ్లు ఒక చేనేత కుటుంబంతో తిరిగి తీసిన సినిమా లింకు ఒక రివ్యూయర్‌కి పంపాం. ఎంతసేపు చూశారో మాకు కనిపిస్తుంది: 11 నిమిషాలు. వచ్చిన తీర్పు: "స్లో, ల్యాగ్ ఎక్కువ." ఆ సినిమాలో మగ్గం చప్పుడు ఆగిపోయే చోటు 52వ నిమిషంలో ఉంది. దానికోసమే మిగతాదంతా కట్టాం.

సిరిసిల్ల
ఎడిటింగ్ రూమ్ అక్కా, ఆ 11 నిమిషాల మాట చదివి మనసు కలుక్కుమన్నది.

చిన్న తీర్పు మాత్రం చెడ్డది కాదు. 2023ల బలగం సినిమా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి చూపించిన్రు. మా దిక్కు కూడా పంచాయతీ ఆఫీసు ముంగట తెర కట్టిన్రు. పొద్దుగాల చూడని మా చిన్నమ్మ మాపటికి ఎందుకు వచ్చిందంటే, ఎవరో చెప్పిన్రట: "పిట్ట ముట్టలేదట." అంతే. రేటింగ్ ఎవ్వలూ అడగలె. సచ్చిపోయినాయనకి పెట్టిన ముద్ద కాకి ముట్టకపోతే ఆ ఇంట్ల ఎట్లుంటదో మా చిన్నమ్మకి ఒకరు చెప్పాల్నా?

పాత రీలు
నా వయసువాళ్లకి డాక్యుమెంటరీ అంటే ఫిల్మ్స్ డివిజన్ అనే ప్రభుత్వ సంస్థ తీసినవే. సినిమాకి ముందు తప్పనిసరిగా వేసేవారు. గంభీరమైన గొంతు, ఆనకట్టలు, మంత్రిగారి ప్రారంభోత్సవం. బీడీ కాల్చుకుని వద్దామని సగం హాలు బయటే నిలబడేది. డాక్యుమెంటరీ అంటే పాఠం అన్న భావం మనలో అక్కడే పడింది. ఇప్పుడు మీరు "రేటింగ్ వెయ్యను" అంటే మళ్లీ దాన్ని పాఠాల గదిలోకే పంపిస్తున్నారు. కుర్రాడు చెప్పింది నిజం.

పొట్టి తీర్పుల్లో నాకు నచ్చినది ఒకటుంది. 1948లో 'ఇజింట్ ఇట్ రొమాంటిక్' అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. రొమాంటిక్‌గా లేదూ, అని పేరులోనే ప్రశ్న. లెనార్డ్ మాల్టిన్ అనే అమెరికన్ విమర్శకుడు తన సినిమా గైడులో దానికి రాసిన రివ్యూ మొత్తం ఒకటే మాట: "లేదు." సినిమా పూర్తిగా చూసినవాడికే అలా రాసే హక్కు.

డల్లాస్ నుంచి
అసలు రోగం తొందర. మన సినిమాల ప్రీమియర్లు ఇక్కడ ముందురోజు సాయంత్రమే పడతాయి. అప్పటికి మీకు తెల్లవారుజాము. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో నా ముందున్నాయన "ఫస్టాఫ్ బిలో యావరేజ్" అని పోస్ట్ పెట్టడం కళ్ళారా చూశాను. మీరు నిద్ర లేచేసరికి అదే టాక్. 2024లో కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ (కోర్టుకి సలహా ఇచ్చే న్యాయవాది), వీడియో రివ్యూలు చేసే వ్లాగర్లు సినిమా విడుదలయ్యాక 48 గంటలు ఆగితే మంచిదని సూచించారు. నాకది సబబుగానే అనిపించింది.

కాకినాడ కుర్రాడు
సార్, ఆ ఏడాదే తమిళ నిర్మాతలు విడుదలయ్యాక మూడు రోజులు రివ్యూలు ఆపమని మద్రాస్ హైకోర్టుకి వెళ్తే, విమర్శ వాక్‌స్వాతంత్ర్యమని కోర్టు ఒప్పుకోలేదు. మొదటి రోజు టికెట్ కొనేది మేమే కదా. బాగోలేదని చెప్పడానికి సోమవారం దాకా ఆగాలా? ఇంటర్వెల్‌లో రాసేవాడిది తప్పే, దానికి అందరి నోరూ కట్టేస్తే ఎలా?

ఇద్దరు పిల్లల అమ్మ
మీరంతా రేటింగ్ గురించే మాట్లాడుతున్నారు. నాకు కావాల్సింది వేరు. కోర్ట్ మా ఎనిమిదో క్లాసు అమ్మాయితో కలిసి చూడొచ్చా? 3.25 చూస్తే నాకేం తెలుస్తుంది? చివరికి ముందు మేమిద్దరం చూసి, తర్వాత తనతో కూర్చుని చూశాం. సినిమా అయ్యాక తను అడిగిన మొదటి ప్రశ్న "17కీ 18కీ తేడా ఏంటమ్మా?" ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం. ఈ సంగతి చెప్పిన రివ్యూ నాకు ఒక్కటీ కనిపించలేదు.

మార్నింగ్ షో గారూ, మీరు రాసిన "ఒంటరిగా చూడొద్దు" మాత్రం నాకు పనికొచ్చింది. మారియుపోల్ పిల్లలు పడుకున్నాక ఒక్కదాన్నే పెట్టుకున్నాను. ఆసుపత్రి సీన్ దగ్గర ఆపేసి మావారిని లేపాను. మిగతాది ఇద్దరం చూశాం.

మార్నింగ్ షో
అందరివీ రెండుసార్లు చదివాను. ఎడిటింగ్ రూమ్ గారి మాట నన్ను బాగా తాకింది. చెయ్యి రాలేదని నేను రాసింది మర్యాద అనుకున్నాను, నిజానికి అది తప్పించుకోవడం. "తప్పక చూడండి" అని రాసి చేతులు దులుపుకున్నాను. ఎలా తీశారో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇకనుంచి సినిమాలకీ డాక్యుమెంటరీలకీ రెండింటికీ రేటింగ్ ఉంటుంది. పూర్తిగా చూడనిదాని మీద ఒక్క లైను కూడా రాయను. ఇంట్లో ఎవరితో కూర్చుని చూడొచ్చో కూడా రాస్తాను, అది ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. డల్లాస్ గారూ, 48 గంటల రూలు మాత్రం నేను పెట్టుకోను. మొదటి ఆట చూసి బయటికొచ్చినప్పుడు ఉండే వేడి కూడా సినిమాలో భాగమే.

కాకినాడ కుర్రాడు
అయితే ఆల్ దట్ బ్రీద్స్‌కి ఎంతన్నా?

మార్నింగ్ షో
4.25. మొదట్లో రాత్రిపూట చెత్తలో ఎలుకల మధ్య కెమెరా నెమ్మదిగా కదిలే షాట్‌కే ఊపిరి బిగబట్టాను. ఆటోలో కూర్చున్న కుర్రాడి జేబులోంచి ఉడుత బయటికొచ్చే చోట పిల్లలు కేరింతలు కొడతారు, వాళ్లతోనే చూడండి. బయట 2020 ఢిల్లీ అల్లర్లు జరుగుతుంటే ఆ ఇంట్లోకి దూరపు చప్పుడులాగే వినిపిస్తాయి. ఇంకొంచెం దగ్గరికి వెళ్లాల్సిందని నాకనిపించింది. ముప్పావు మార్కు అక్కడ తగ్గించాను.