బా బే సరస్సు, తాయ్ గ్రామాలు: పెద్దవాళ్లతో ఒక్క రోజులో చూసి రావచ్చా?

ప్రశ్న (బెజవాడ బాటసారి)

డిసెంబరులో అమ్మానాన్నలతో కలిసి ఉత్తర వియత్నాం వెళ్తున్నాను. హాలాంగ్, సాపాలతో పాటు బా బే జాతీయ వనం కూడా చూడాలన్నది నాన్నగారి కోరిక. హనోయిలో తెల్లవారుజామున బయలుదేరితే పడవ షికారు చేసి రాత్రికి తిరిగి రావచ్చని ట్రావెల్ ఏజెంటు అంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, పైగా ఆవిడ శాకాహారి. సరస్సు ఒడ్డున తాయ్ అనే స్థానిక జాతి ప్రజల ఇళ్లలో బస దొరుకుతుందని విన్నాను కానీ, ఆ ఇళ్లు స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయట. ఇంకొకరి ఊళ్లోకి వెళ్లి వాళ్ల బతుకును వింతగా చూసి రావడం ఏం మర్యాద అన్న సంకోచమూ ఉంది. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (హనోయి వాసి)

ఒక్క రోజులో వద్దండీ. హనోయి నుంచి అది దాదాపు 230 కిలోమీటర్లు, చివరి భాగమంతా కొండ మలుపులు కావడంతో ఒక వైపుకే అయిదారు గంటలు పడుతుంది. పెద్దవాళ్లను రోజంతా కారులో కూర్చోబెట్టి, మధ్యలో కాసేపు నీళ్లు చూపించినట్టవుతుంది. కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి, బసకు ఒడ్డునే ఉన్న పాక్ న్గోయ్ గ్రామం గానీ బో లూ గ్రామం గానీ ఎంచుకోండి.

సున్నపురాతి నేలలో నీరు సాధారణంగా పగుళ్లలోంచి ఇంకిపోతుంది. అటువంటి కొండల నడుమ సుమారు 500 హెక్టార్ల సరస్సు సహజంగా నిలిచి ఉండటమే బా బే ప్రత్యేకత. 1992లో జాతీయ వనంగా ప్రకటించారు, 2011లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లో చేరింది. వానాకాలంలో నాంగ్ నది పొంగినప్పుడు ఆ వరదను సరస్సు కొంత తనలోకి తీసుకుంటుంది, అందుకే అప్పుడు బురద రంగు కనిపిస్తుంది. మీరు వెళ్లే డిసెంబరులో వానలుండవు, నీరు పచ్చగా, నిలకడగా ఉంటుంది. ఉదయం పొగమంచు దట్టంగా ఉంటుంది కాబట్టి పడవ కాస్త ఆలస్యంగా మాట్లాడుకోండి. పడవలోనే నాంగ్ నది మీదుగా పువాంగ్ గుహ దాకా వెళ్లవచ్చు. నది ఆ గుహలోంచే పారుతుంది. లోపల పైకప్పుకు గబ్బిలాలు గుంపులుగా వేలాడుతుంటాయి, వాసన ఘాటుగా ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. దౌ దాంగ్ జలపాతానికి మాత్రం కొంత నడవాలి, ఆవిడను ఇబ్బంది పెట్టకండి.

మెట్ల విషయంలో మీ అనుమానం సరైనదే. బుక్ చేసేటప్పుడే కింది అంతస్తులో గది, లోపలే బాత్‌రూమ్ ఉన్నాయా అని అడగండి. పై అంతస్తులో చెక్క నేల మీద పరుపు, దోమతెర వేసి పడక ఏర్పాటు చేస్తారు, నేల మీద నుంచి లేవడం ఆవిడకు కష్టమే. చెక్కల సందుల్లోంచి చలిగాలి కొడుతుంది, స్వెట్టర్లు మరవకండి.

జవాబు (తూటికూర పప్పు)

భోజనం గురించి నేను చెబుతాను. "ఆన్ చాయ్" అంటే శాకాహారమని అక్కడ అందరికీ తెలుసు, కానీ ఆ ఒక్క మాటతో పని జరగదు. ఆకుకూర వేపుడులోనూ చేపల సాస్ పోస్తారు, కొన్ని ఇళ్లలో పంది కొవ్వుతో వేయిస్తారు. రెండూ వద్దని, మామూలు నూనె, ఉప్పు చాలని వియత్నామీస్‌లో రాయించుకుని వంటింట్లో చూపించండి. టోఫు, సీమ వంకాయ తీగల లేత చివుళ్ల వేపుడు, అన్నం ఎలాగూ దొరుకుతాయి. జిగురు అన్నంలోకి వేయించిన పల్లీలు, నువ్వులు, ఉప్పు కలిపి దంచిన పొడి అడగండి, అమ్మగారికి పరాయి రుచిలా అనిపించదు. మీ పచ్చడి సీసా మీ దగ్గర ఎలాగూ ఉంటుందనుకోండి!

జవాబు (గిరిజన అధ్యయనం)

మీ సంకోచం మంచిదే, అయితే దాని వల్ల వెళ్లకుండా ఆగిపోనక్కరలేదు. ఒడ్డున ఉండే తాయ్‌లు వరి పండిస్తూ, చేపలు పడుతూ, ఇంట్లోనే అతిథులకు బస ఇచ్చి సంపాదించుకుంటున్నారు. మీరిచ్చే అద్దె నేరుగా ఆ ఇంటికే చేరాలంటే ఏజెంటు ప్యాకేజీ కంటే ఇంటివారితోనే మాట్లాడుకోవడం మేలు. కొండ మీది హ్మోంగ్, దావ్ అనే వేరే జాతుల ఊళ్ల సంగతి వేరు. వారిలో చాలామందికి పర్యాటకం జీవనాధారం కాదు, మొక్కజొన్న చేలే ఆధారం. స్థానిక గైడు లేకుండా అక్కడికి వెళ్లి గుమ్మంలోకి తొంగిచూడటం, పిల్లలకు చాక్లెట్లు పంచి ఫొటోలు తీయడం నాకు సమ్మతం కాదు. ఏ ఇంట్లోనైనా చెప్పులు మెట్ల దగ్గరే విడవండి, పూజా స్థానం ఫొటో అడగకుండా తీయకండి.

మీరున్నప్పుడు ఎవరైనా "తెన్" అనే తాయ్‌ల పాట పాడితే తప్పక కూర్చుని వినండి. సొరకాయ బుర్రతో చేసిన తంత్రీ వాద్యం మీటుతూ పాడతారు. పూజారులు క్రతువుల్లో పాడే సంప్రదాయమిది, 2019లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అతిథుల కోసం పాడేది దానిలో చిన్న ముక్క మాత్రమే.

బెజవాడ బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క రోజు ఆలోచన మానుకున్నాం, సాపాను తగ్గించి ఇక్కడ రెండు రాత్రులు ఉంటాం. డబ్బు, చిరునామా విషయంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

హనోయి వాసి

నగదు హనోయిలోనే తీసుకోండి, ఊళ్లో కార్డు మీద ఆధారపడవద్దు. పాత గైడు పుస్తకాల్లో బాక్ కాన్ రాష్ట్రం అని ఉంటుంది. 2025 జూలైలో దాన్ని థాయ్ న్గుయెన్‌లో కలిపేశారు కనుక బుకింగ్ కాగితాల మీద థాయ్ న్గుయెన్ అని ఉంటే కంగారు పడకండి, డ్రైవరుకు "బా బే సరస్సు, పాక్ న్గోయ్" అని చెబితే సరిపోతుంది.