కాన్ఫిగ్ ఫైల్లో కామెంట్ చేసిన ఉదాహరణలు పెట్టి ఇవ్వాలా, ఖాళీ ఫైల్ చాలా?

తొలిఅడుగు: చిన్న టూల్ రాశాను. దాని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ప్రతి సెట్టింగ్‌నీ కామెంట్‌లో (ముందు హ్యాష్, అంటే #, ఉండి ప్రోగ్రామ్ పట్టించుకోని లైన్) పెట్టి ఇవ్వాలా, ఖాళీ ఫైల్ ఇచ్చి మిగతాదంతా మాన్యువల్‌లో రాయాలా? ఫైల్ రాసే ఫార్మాట్‌గా యామెల్ (YAML) మంచిదా, టోమెల్ (TOML) మంచిదా అన్నది కూడా చెప్పండి.

రాత్రిషిఫ్ట్: పెట్టి ఇవ్వండి, ఇంకో ఆలోచన వద్దు. సర్వర్‌లో నెట్ పోయినప్పుడు చేతిలో మిగిలేది ఆ ఫైలొక్కటే. నేను రెడిస్ డేటాబేస్ నేర్చుకున్నదే దాని కాన్ఫిగ్ చదివి. మెమరీ నిండితే ఏ పాలసీ ఏ కీలను తీసేస్తుందో అక్కడే రాసి ఉంటుంది.

పాతకాపు: అప్‌గ్రేడ్ రోజు తెలుస్తుంది ఆ సుఖం. నేను మార్చింది ఒక్క లైను. డెబియన్ లినక్స్‌లో కొత్త ప్యాకేజీ రాగానే మీ ఫైల్ ఉంచాలా, మాది పెట్టాలా అని ఆగింది. తేడా చూస్తే మూడొందల లైన్లు, దాదాపు అన్నీ కామెంట్లలో దిద్దిన స్పెల్లింగులే. విసుగొచ్చి నాదే ఉంచాను. కొత్త వెర్షన్ తీసేసిన ఆప్షన్ ఒకటి అందులో ఉండిపోయింది, సర్వీస్ లేవలేదు.

రాత్రిషిఫ్ట్: చదవకుండా పాత ఫైలే ఉంచమని ఎన్ నొక్కింది మీరు, తిట్లు ఫైల్‌కా?

పాతకాపు: తెల్లవారుజామున మూడింటికి మూడొందల లైన్లు మీరు చదువుతారు కాబోలు.

అరకొర: నాదో డౌట్. హ్యాష్ వెనక ఉన్నది డిఫాల్టా (మనమేం రాయకపోతే ప్రోగ్రామ్ వాడే విలువ), ఉత్త ఉదాహరణా? దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపాలని ‘యెస్’ ఉన్న లైన్ ముందు హ్యాష్ పెట్టి వదిలేశాను. డిఫాల్టే యెస్ అట! ఆరు నెలలు తలుపు బార్లా తెరిచే ఉంది.

కెర్నల్‌కాకి: కామెంట్‌లో ఉన్నవి డిఫాల్ట్ విలువలని ఆ ఫైల్ మొదట్లోనే రాసి ఉంటుంది. చదివితేగా.

అరకొర: ‘వీలైనంతవరకు’ అని కూడా రాశారు సార్. ఏది వీలైందో ఏది కాలేదో నాకెలా తెలియాలి?

కెర్నల్‌కాకి: ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌హెచ్‌డీకి హైఫన్, పెద్ద టీ ఇచ్చి చూడండి, అమల్లో ఉన్న విలువలన్నీ చూపిస్తుంది. పదిహేనేళ్లుగా సర్వర్లు చూస్తున్నా, కామెంట్‌ని ఒక్కసారీ నమ్మలేదు. 2015లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.0తో రూట్ (అడ్మిన్) లాగిన్ డిఫాల్ట్ యెస్ నుంచి మారింది. పాత ఫైల్ ఉంచుకున్నవాళ్లకి కామెంట్‌లో ఇంకా యెస్సే.

రాత్రిషిఫ్ట్: అది పాత ఫైల్ తప్పు, కామెంట్ల తప్పు కాదు.

పాతకాపు: పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేనండీ! లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ పద్ధతి చూడండి. వాళ్ల డిఫాల్ట్‌లు యూఎస్ఆర్ ఫోల్డర్ కింద, మన మార్పులు ఈటీసీ ఫోల్డర్ కింద. గొడవే లేదు.

కెర్నల్‌కాకి: సిస్టమ్‌డీ పేరెత్తారూ, ఇంక ఈ చర్చ తేలినట్టే.

ముక్కలఫైల్: గొడవ ఎందుకు లేదు? మెయిన్ ఫైల్లో నేను ‘నో’ రాశాను, డ్రాప్-ఇన్ ముక్కలో (విడిగా పెట్టే చిన్న ఫైల్) ఎవరో ‘యెస్’ పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదట కనబడిన విలువదే చెల్లుబాటు. ఆ ముక్కల్ని కలిపే ఇన్‌క్లూడ్ లైన్ పైనే ఉంది కాబట్టి ఆ యెస్సే గెలిచింది. సగం రోజు పోయింది.

ఒకస్పేస్: యామెల్ వాళ్లకి నాదొక మనవి. అందులో లైన్ ముందు స్పేస్‌కీ అర్థముంటుంది. హ్యాష్ తీశాను, దాని పక్కన స్పేస్ మిగిలిపోయింది, ఫైల్ మొత్తం ఎర్రర్. సెట్టింగ్ లైన్‌కి హ్యాష్ ఆనించి రాయండి, వివరణకైతే స్పేస్ వదలండి. ఏది తీయాలో చూడగానే తెలుస్తుంది.

తొలిఅడుగు: ఇది పనికొచ్చే మాట, థాంక్స్. ఫైల్ ఖాళీగానే ఇస్తాను, డిఫాల్ట్‌లన్నీ చూపించే కమాండ్ ఒకటి పెడతాను. టోమెల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కెర్నల్‌కాకి: ఐఎన్ఐ (INI) ఫార్మాట్ వాడండి.