విద్యార్థి సోలో పోటీలో గెలిస్తే షీల్డ్ ఇవ్వాలా, ఆర్కెస్ట్రాతో కచేరీ ఇవ్వాలా?

దర్గామిట్ట వయొలిన్:
నా దగ్గర వయొలిన్ నేర్చుకున్న అమ్మాయి ఒకామె ఇప్పుడు అమెరికాలో చదువుతోంది. మొన్న ఫోన్లో వాళ్ళ యూనివర్సిటీలో జరిగే కన్సర్టో పోటీ గురించి చెప్పింది. కన్సర్టో అంటే ఒక సోలో వాయిద్యానికీ, దాని వెంట వాయించే ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద రచన. విద్యార్థి ఒక కన్సర్టో ఎంచుకుని కాగితం చూడకుండా వాయించాలి. పోటీ రోజున ఆర్కెస్ట్రా ఉండదు, దాని భాగమంతా ఒక పియానిస్టు వాయిస్తాడు. గెలిచినవాళ్ళకి బహుమతి ఏందంటే, యూనివర్సిటీ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి అదే కన్సర్టోను జనం ముందు వాయించడం. అంతే. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఇదే పద్ధతి.

ఇక్కడ మన పిల్లల సంగతి చూడండి. నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీ నుంచైనా, ఒంగోలు ఆంధ్ర కేసరి యూనివర్సిటీ నుంచైనా యువజనోత్సవాలకి వెళ్తారు. శాస్త్రీయ వాద్యం సోలోకి 15 నిమిషాలు, పక్కవాద్యాలు ఇద్దరికి మించకూడదు. గెలిస్తే షీల్డ్, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, ఆ తర్వాత మళ్ళీ వాయించమని అడిగేవాళ్ళే ఉండరు. ఏళ్ళ తరబడి సాధన చేసిన పిల్లకి మనమిచ్చేది చెక్కముక్కా? రెండు యూనివర్సిటీలూ కలిసి ఒక సోలో పోటీ పెట్టి, గెలిచినవాళ్ళ చేత పాతికమంది వాద్యబృందంతో కచేరీ చేయించాలి అంటాను. ఒప్పుకోనివాళ్ళు ఎందుకు ఒప్పుకోరో రాయండి.

కర్నూల్ రోడ్డు, ఒంగోలు:
నేను ఒప్పుకోను మేడం. ఆ పాతికమంది యాడున్నారు? అక్కడ స్కూల్లోనే ఆర్కెస్ట్రా ఉంటుంది, పిల్లలు చిన్నప్పటి నుంచే గుంపులో కూర్చుని వాయించడం నేర్చుకుంటారు, వాళ్ళే యూనివర్సిటీకి వచ్చాక అక్కడ ఆర్కెస్ట్రా అవుతారు. కింద అంత పునాది ఉంది కాబట్టి పైన ఒకరిని నిలబెట్టి వాయించమనగలుగుతున్నారు. మా అమ్మాయి చదివిన కాలేజీలో ఒక వీణ ఉండేది, బీరువాలో, తంతులు తెగిపోయి. నేర్పే మనిషి లేడు. మా పిల్ల అడిగితే ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పలేకపోయారు. ఇలాంటి చోట ఒక్క విజేత కోసం అంతమందిని పోగేసి ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ఆ డబ్బుతో ఒక టీచర్‌ని పెట్టండి, ఇరవైమంది నేర్చుకుంటారు.

కావలి కీబోర్డు:
మనుషులు దొరకరనేది నిజం కాదన్నా. నేను పెళ్ళిళ్ళకీ, చవితి పందిళ్ళకీ వాయిస్తాను. నెల్లూరు, కావలి, ఒంగోలు కలిపితే వయొలిన్లు, ఫ్లూట్లు, తబలా, ప్యాడ్స్ అన్నీ వస్తాయి, చాలకపోతే మద్రాసు ఎంత దూరం, రైలెక్కితే మూడు గంటలు. అసలు తంటా స్కోరుతో, అంటే అందరి భాగాలూ రాసిన కాగితంతో. మెండెల్‌సన్ 1844లో రాసిన వయొలిన్ కన్సర్టో ఉంది, ఎవరు ఏం వాయించాలో ఒక్కొక్కరికీ విడివిడిగా అచ్చు కాగితం దొరుకుతుంది. అందుకే అక్కడి పోటీల్లో ఏది వాయిస్తావో ముందే చెప్పమంటారు, దానికి ఆర్కెస్ట్రా కాగితాలు దొరకాలని చాలాచోట్ల నియమం కూడా ఉంటుంది. మన పిల్ల భైరవి రాగంలో ఒక కృతి ఎంచుకుంటే పాతికమందికీ కాగితాలు ఎవరు రాస్తారు? మాలో చాలామందిమి విని వాయించేవాళ్ళమే. రాసే మనిషి దొరికితే తప్ప పోటీ పెట్టినా లాభం లేదు.

ఇంకో మాట. పోటీలంటే అంత చులకనగా చూడకండి. మన నెల్లూరు గాయకుడు ఎస్పీ బాలు గారు ఇంజనీరింగ్ చదువుకునే రోజుల్లో, 1964లో మద్రాసులో ఔత్సాహిక గాయకుల పోటీలో పాడి గెలిచారు. ఆ పాట సంగీత దర్శకుడు కోదండపాణి గారి చెవిన పడింది, 1966కల్లా సినిమాలో పాడించారు. ఇప్పుడు నెల్లూరు ప్రభుత్వ సంగీత పాఠశాలకి ఆయన పేరే. కోదండపాణి గారు కప్పు చేతికిచ్చి పంపించేసి ఉంటే? తీసుకెళ్ళి ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టారు కదా. అక్క అడిగేది కూడా అదే అనుకుంటున్నా.

కరవది మేళం:
అందరూ ఖర్చు గురించి, కాగితం గురించి మాట్లాడుతున్నారు, సంగీతం ఏమవుతుందో ఎవరూ అడగడం లేదు. మాది నాదస్వరం ఇల్లు. షేక్ చిన మౌలానా గారు పుట్టిన ఊరు మాది, మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో సంగీత కళానిధి ఇచ్చిన విద్వాంసుడు. ఆయన రాగం ఎత్తుకుంటే ఎంతసేపు పోయేదో పక్కనున్న డోలు విద్వాంసుడికి కూడా ముందుగా తెలిసేది కాదు. ఆ పక్కన పాతికమంది కాగితాలు పెట్టుకుని వాటి మీది తాళం గడులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, అప్పటికప్పుడు రాగాన్ని పెంచుకుంటూ పోయే ఆలాపన ఎక్కడికి పోతుంది చెప్పండి. తోడి రాగంలో గాంధారాన్ని, అంటే గ స్వరాన్ని, ఊపి పట్టుకోవాలి, పదిమంది వయొలిన్లు దాన్ని తలా ఒక రకంగా ఊపితే ఇక అది గాంధారమేనా? పైగా నాదస్వరం శ్రుతి మార్చుకునే వాయిద్యం కాదు. రెండున్నర శ్రుతి వాయిద్యమైతే రెండున్నరే, బృందమంతా దానికి దిగిరావాలి. అలా దిగొస్తారా?

పిల్లలకి గౌరవం ఇవ్వాలంటే పెద్ద సభలో గంటన్నర పూర్తి కచేరీ ఇవ్వండి, మంచి డోలు, మంచి తాళం పెట్టి. అది బహుమతి.

దర్గామిట్ట వయొలిన్:
కరవది అన్న గారూ, మీ భయం నాకూ ఉంది, అందుకే దీనికి పెద్ద జవాబు రాస్తున్నా. కన్సర్టో అంటే మొదటి నుంచి చివరి దాకా రాసిపెట్టింది అనుకుంటున్నారు. మోజార్ట్ కాలంలో అందులో ఒక చోట ఆర్కెస్ట్రా ఆగిపోయేది, సోలో వాద్యగాడు ఒక్కడే తన మనోధర్మంతో వాయించేవాడు, మళ్ళీ అతను సంకేతం ఇచ్చాకే అందరూ అందుకునేవాళ్ళు. దాన్ని కాడెంజా అంటారు. తర్వాత తర్వాత బీతోవెన్ తన ఐదో పియానో కన్సర్టోలో దాన్ని కూడా రాసేశాడు, ఇప్పటి విద్యార్థులు ఎక్కువగా రాసిందే వాయిస్తున్నారు. మనం ఆ పాత పద్ధతి పట్టుకుందాం. కృతికి బృందం ఉంటుంది, ఆలాపనకీ, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనకీ అందరూ విల్లు దించేసి కూర్చుంటారు. శ్రుతి విషయంలో నాకు సందేహమే లేదు, సోలో వాయిద్యం ఏ శ్రుతో బృందానిదీ అదే శ్రుతి.

ఇది కొత్తగా చేసేది కూడా కాదు. రవిశంకర్ గారు 1971లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో సితార్ కన్సర్టో చేశారు. ఎల్. సుబ్రహ్మణ్యం గారు 1985లో జుబిన్ మెహతా నడిపిన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వయొలిన్ వాయించారు. మన దేశంలోనే ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృంద అనే సొంత ఆర్కెస్ట్రా పెట్టింది. మన ద్రాక్షారామం వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి గారు దానికి రచనలు చేసి, నడిపించారు కూడా.

కరవది మేళం:
ఆ సితార్ కన్సర్టో నేనూ విన్నానమ్మా. చాలా చోట్ల ఆర్కెస్ట్రా సితార్ వెంట అదే స్వరం వాయించుకుంటూ పోతుంది. అంతమంది ఉండి కలిపింది ఏముంది అనిపించింది నాకు. వాద్యవృంద మాట మాత్రం వేరు, అందులో ఉన్నవాళ్ళకి రాగం తెలుసు. బృందంలో వాయించేవాళ్ళు సంగీతం నేర్చుకున్నవాళ్ళే అయ్యుండాలని రాసుకుంటే, ఆలాపనకి టైము కట్టకపోతే, మా వాడిని పంపిస్తా. ఈ రెంటిలో ఏది తప్పినా పంపించను.

కందుకూరు డిగ్రీ సెకండియర్:
అన్నలూ, అక్కా, పోటీకి వెళ్ళే మాలాంటి వాళ్ళ మాట కూడా వినండి. నేను మృదంగం. అక్కడి పోటీల్లో పియానో, వయొలిన్ వాళ్ళకి దండిగా కన్సర్టోలు ఉంటాయి, ట్యూబా (పెద్ద ఇత్తడి బూర) లాంటి వాయిద్యాలకి తక్కువ, కాబట్టి వాళ్ళు గెలవడం కష్టం అని చదివాను. ఇక్కడ కూడా గాత్రం, వయొలిన్ గెలిచి మేం పక్కన కూర్చోవాల్సిందేనా? పోటీ పెడితే ఒక ఏడు తాళవాద్యాలకి, ఒక ఏడు ఊదే వాయిద్యాలకి, అలా వంతులు పెట్టండి.

ఇంకోటి, నాకు కచేరీ రోజు కంటే రిహార్సల్స్ మీదే ఆశ. యువజనోత్సవంలో స్టేజీ సర్దుకోవడానికే టెన్షన్, శ్రుతి బాక్స్ ఆన్ చేసేలోపే బెల్లు కొడతారేమో అని భయం. అంతమంది మధ్యలో కూర్చుని, నడిపించే ఆయన చెయ్యి చూస్తూ, నా వాయిద్యం తగ్గించి పక్కవాళ్ళది వినడం మాకు ఎవరు నేర్పించారు? గెలవకపోయినా సరే, ఓడినవాళ్ళని బృందంలో కూర్చోబెట్టండి చాలు.

కావలి కీబోర్డు:
తమ్ముడు చెప్పింది బాగుంది. పోటీకి వచ్చినవాళ్ళే బృందం అయితే సగంమంది మనకి దొరికినట్టే, కరవది అన్నకి కావలసినట్టు సంగీతం తెలిసినవాళ్ళే అవుతారు. మొదటి ఏడు ఒకే కృతికి సరిగమల్లో కాగితాలు నేను రాసిస్తా, డబ్బులేమీ వద్దు. స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి) చదివేవాళ్ళు వస్తే వాళ్ళకి అది కూడా.

కర్నూల్ రోడ్డు, ఒంగోలు:
ఓడిన పిల్లలు కూడా నేర్చుకుంటారంటే నా అభ్యంతరం సగం పోయింది, మిగతా సగం ఉంది. రెండు యూనివర్సిటీలకీ పంపే అర్జీలో పోటీ ఒక్కటే రాస్తే నేను సంతకం పెట్టను. ముందు నేర్పే టీచర్ పోస్టు అడగండి, దాని కింద పోటీ రాయండి. రిహార్సల్స్‌కి వచ్చే పిల్లల బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఎవరు భరిస్తారో కూడా అందులోనే ఉండాలి. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో రావాల్సిన పిల్ల అది చూసుకునే వస్తానో రానో చెబుతుంది. రాసి ఇక్కడ పెట్టండి మేడం, చదివి చెబుతాను.